నాడె ఖరీదా, కండె ఖరీదా?

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు మిత్రులు కూడిన చోట చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాసుకున్నాం. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల కొంత తగ్గించాం. చివర్లో అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ముప్పావుగంట ఇరుక్కుపోయామని ఇందాక ఒకాయన చెబుతున్నారు. ఆ చిరాకు అప్పుడే పోగొట్టుకోకండి, కాసేపట్లో పనికొస్తుంది. (నవ్వులు)

నేను చిప్ డిజైన్‌లో పని చేస్తాను. మొదట కొన్నేళ్లు చిప్ మీద, ఆ తర్వాత ఆ చిప్ మీద ప్రోగ్రాములను అమర్చే కంపైలర్ మీద. ఒకే చిప్‌లో వందలు, వేల కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న యంత్రాలు, పెట్టడం, చేయాల్సిన పనిని బట్టి వాటి అమరికను మార్చుకోవడం, ఇదీ మా పని. దీన్ని రీకాన్ఫిగరబుల్ మెనీకోర్ అంటారు. పేరుకి నోరు తిరగదు గానీ సంగతి అంత కష్టమైంది కాదు. దీని గురించి ఇంటిల్లిపాదీ వచ్చే సభలో మాట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తే మా ఇల్లే గుర్తొచ్చింది.

మాది ధర్మవరం. మా నాన్న పట్టుచీరలు నేసేవారు. నడవాలో గుంత మగ్గం. జకార్డు మగ్గమే కంప్యూటర్‌కి తాత అన్న మాట మీరంతా ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అది నిజమే, కానీ నేను ఆ కథ చెప్పబోవడం లేదు. ఆ ఇంట్లో నేను చూసింది వేరే ఒకటుంది. నాడె, అంటే అడ్డపోగును అటూ ఇటూ మోసుకెళ్లేది, ఈ చేతి నుంచి ఆ చేతికి విసరడానికి ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు. ఆ రెప్పపాటు పని ఆగకుండా సాగడానికి ఇంట్లో ఎంతమంది ఉండేవారో చూడండి. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు, అంటే నాడెలో పెట్టే పోగు చుట్టలు, చుట్టేది. అవ్వ పట్టు చిక్కులు తీసేది. బడి నుంచి రాగానే కండెలు అందించడం నా పని. ఆటలో పడి నేను మరిచిపోతే మగ్గం ఆగేది. మగ్గం ఆగినప్పుడు మా నాన్న ఏమీ అనేవారు కాదు, తల తిప్పి ఒక్కసారి చూసేవారు. దానికన్నా నాలుగు తగిలిస్తే బాగుండు అనిపించేది. (నవ్వులు)

అంటే నేత పనిలో నేయడం కొంచెం, అందించడం బోలెడు. చిప్‌లో కూడా అచ్చం ఇంతే. ఇది ఉపమానానికి చెబుతున్న మాట కాదు, దీనికి లెక్కలున్నాయి.

2014లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ ఒక సదస్సులో ఈ లెక్కలు చూపించారు. 45 నానోమీటర్ల టెక్నాలజీ నాటివి, ఈ అంకె తగ్గేకొద్దీ చిప్ తయారీ పద్ధతి అంత కొత్తదన్నమాట. రెండు 32 బిట్ల పూర్ణాంకాలను కూడటానికి చిప్‌కి అయ్యే శక్తి 0.1 పికోజౌల్. పికోజౌల్ అంటే శక్తిని కొలిచే జౌల్‌లో లక్ష కోట్లో వంతు. ఆ కూడిక చేయమని చెప్పే ఇన్‌స్ట్రక్షన్‌ని తెచ్చుకుని, చదువుకుని, ఏ రిజిస్టర్లో, అంటే చిప్ లోపలి ఏ చిన్న గూటిలో, ఏముందో వెతికి, ఈ తతంగమంతా నడపడానికి సుమారు 70 పికోజౌళ్లు. కూడాల్సిన అంకె చిప్ బయట ఉండే పెద్ద మెమరీ డీరామ్‌లో ఉంటే దాన్ని తేవడానికి 1,300 నుంచి 2,600 పికోజౌళ్లు.

రూపాయల్లోకి మార్చి చూద్దాం. కూలీకి ఇచ్చేది ఒక్క రూపాయి. ఆ కూలీకి పని పురమాయించినందుకు మేస్త్రీకి 700 రూపాయలు. సరుకు తెచ్చిన లారీకి బాడుగ 13 వేల నుంచి 26 వేలు! ఇలాంటి వ్యాపారం ఎవరైనా చేస్తారా? మనం రోజూ చేస్తున్నాం. మీ జేబులో ఉన్న ఫోన్ ఇప్పుడు కూడా చేస్తోంది. ఆ తర్వాత టెక్నాలజీ మారి అంకెలు తగ్గాయి గానీ, తేవడం ఖరీదు, చేయడం చవక అన్నది మాత్రం మారలేదు. నిజానికి తేడా ఇంకా పెరిగింది.

ఈ మేస్త్రీనీ, ఈ లారీనీ గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పేదంతా వీళ్లిద్దరి ఖర్చు తగ్గించడం గురించే.

అసలు ఒక చిప్‌లో ఇన్ని కోర్లు ఎందుకొచ్చాయి? ముచ్చటపడి ఎవరూ పెట్టలేదు, వేరే దారి లేక పెట్టారు. 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక సంగతి తేల్చారు. చిప్‌లో కరెంటుని ఆపి, వదిలే బుల్లి స్విచ్చు ట్రాన్సిస్టర్. ఆ ట్రాన్సిస్టర్‌ని చిన్నది చేసేకొద్దీ వోల్టేజీ కూడా అదే పాళ్లలో తగ్గించుకుంటూ పోవచ్చు, అప్పుడు అదే జాగాలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు కూరినా వేడి పెరగదు అని. పరిశ్రమంతా ముప్పై ఏళ్లు ఆ మాట మీదే బతికింది. 2005 ప్రాంతంలో వోల్టేజీ తగ్గడం ఆగిపోయింది. అంతకన్నా తగ్గిస్తే ట్రాన్సిస్టర్‌ని ఆపినా ఆగదు, వాషర్ పోయిన కుళాయిలా కారుతూనే ఉంటుంది. ఇంటెల్ తన పెంటియమ్ 4ని 3.8 గిగాహెర్ట్జ్ దాకా లాక్కొచ్చి, తర్వాత రావాల్సిన తేజాస్ అనే ప్రాసెసర్‌ని 2004లో రద్దు చేసుకుంది.

అప్పుడు అందరూ ఒక చిన్న లెక్క వేసుకున్నారు. చిప్ తాగే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి, వేగాన్ని బట్టి ఉంటుంది. రెండూ 20 శాతం చొప్పున తగ్గించండి. 0.8ని 0.8తో, మళ్లీ 0.8తో గుణిస్తే 0.51. కరెంటు సగమైంది. పోయిన వేగం అయిదో వంతే. మిగిలిన సగం కరెంటుతో ఇంకో కోర్ పెట్టుకుంటే మొత్తం పని 1.6 రెట్లు అవుతుంది, బిల్లు మాత్రం అంతే. ఇంత మంచి బేరం ఎవరు వదులుకుంటారు? రెండు కోర్లు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి.

అయితే దీనికి 1967లోనే జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ డిజైనర్ ఒక మెలిక చెప్పి ఉంచాడు. పనిలో 95 శాతం పంచుకోగలిగి, 5 శాతం ఒక్కరే చేయాల్సి వస్తే, ఎంతమందిని పెట్టినా 20 రెట్లకు మించి వేగం రాదు. 1,024 కోర్లు పెట్టి చూడండి, 19.6 రెట్ల దగ్గర ఆగిపోతారు. పెళ్లికి వందమంది వంటవాళ్లను పిలిచినా ముహూర్తం ముందుకు జరగదు కదా. ఈ సూత్రం గురించి చాలామంది చాలా చెబుతారు కాబట్టి నేను ఇంతటితో వదిలేస్తాను. నా దృష్టిలో అసలు ఇబ్బంది అది కూడా కాదు.

ఇక్కడ బెంగళూరు మాట ఒకటి చెప్పాలి. 2007లో ఇంటెల్ 80 కోర్ల పరిశోధన చిప్ ఒకటి చూపించింది. దాన్ని చేసినవాళ్లలో అమెరికాలోని హిల్స్‌బరో ఇంజనీర్లతో పాటు మన బెంగళూరు ఇంజనీర్లు కూడా ఉన్నారు. ఎనిమిది ఇంటూ పది గళ్ల చట్రం. గడికో చిన్న కోర్, గడికో రూటర్, అంటే పక్క గళ్లకు అంకెల్ని దారి పట్టించేది. 3.16 గిగాహెర్ట్జ్ దగ్గర సెకనుకు లక్ష కోట్ల లెక్కలు, అంటే ఒక టెరాఫ్లాప్, 62 వాట్లతో చేసింది. అంతకు పదేళ్ల ముందు అదే టెరాఫ్లాప్‌ని మొదటిసారి అందుకున్న ఆస్కీ రెడ్ అనే యంత్రంలో పదివేలకు దగ్గరగా పెంటియమ్ ప్రో ప్రాసెసర్లుండేవి. దానికి 500 కిలోవాట్ల కరెంటు కావాల్సి వచ్చేది, చల్లబరచడానికి అయ్యేది వేరే. ఒక పెద్ద హాలు నిండా ఉన్నది ఒక బల్బు కరెంటుకి దిగింది.

కానీ ఆ 80 కోర్ల చిప్‌లో ఒక్కో గడికి ఉన్న మెమరీ ఎంతో తెలుసా? ఇన్‌స్ట్రక్షన్లకు 3 కిలోబైట్లు, డేటాకు 2 కిలోబైట్లు. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ బొమ్మలో మూల ముక్క కూడా పట్టదు. (నవ్వులు) వాళ్లు అమ్మకానికి చేసింది కాదు, నెట్‌వర్క్ పని చేస్తుందో లేదో చూడటానికి చేసింది. ఆ తర్వాత 2009 చివర్లో వచ్చిన 48 కోర్ల చిప్‌లో కూడా బెంగళూరు చేయి ఉంది. అందులో కోర్ల గుంపులకు వోల్టేజీ, వేగం ప్రోగ్రామే మార్చుకోవచ్చు. పనిని బట్టి 25 వాట్ల నుంచి 125 వాట్ల దాకా వాడేది.

ఈ ఊరికి సమాంతర గణన, అంటే పనిని చాలా ప్రాసెసర్లకు పంచి ఒకేసారి చేయించడం, అంతకన్నా పాతది. 1986లో నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్‌లో ఫ్లోసాల్వర్ అని కట్టారు. విమానం రెక్కల మీద గాలి ఎలా పోతుందో లెక్కేయడానికి ఇంటెల్ 8086 చిప్‌లను కలిపి చేసిన యంత్రం. ఇప్పుడు ఐఐఎస్‌సీలో 3.3 పెటాఫ్లాప్స్ (వెయ్యి టెరాఫ్లాప్స్ ఒక పెటాఫ్లాప్) సూపర్ కంప్యూటర్ పరమ్ ప్రవేగ ఉంది. మధ్యలో 1991లో పుణెలో సీడాక్ చేసిన పరమ్ 8000 కూడా మన కథలోదే, ఎందుకంటే అందులో పక్కవాటితో కలపడానికే చేసిన ప్రాసెసర్లు, ట్రాన్స్‌ప్యూటర్లు వాడారు. ట్రాన్స్‌ప్యూటర్‌కి నాలుగు లింకులుంటాయి. పక్కవాటితో వరసగా కలుపుతారో, గళ్లుగా కలుపుతారో, చెట్టులా కలుపుతారో మీ ఇష్టం. అమరిక మార్చుకోవచ్చన్న ఆలోచన అప్పటికే ఉంది.

సరే, అమరిక ఎందుకు మార్చాలి? మనకు బాగా తెలిసిన పని ఒకటి తీసుకుందాం. బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. ఎక్కడ తీరం దాటుతుందో చెప్పాలి. సముద్రాన్ని గళ్లు గళ్లుగా కోస్తారు. ప్రతి గడికీ గాలి, పీడనం, తేమ. తర్వాతి నిమిషంలో ఈ గడిలో ఏమవుతుందో తెలియాలంటే చుట్టూ ఉన్న నాలుగు గళ్లలో ఇప్పుడేముందో తెలియాలి.

వెయ్యి ఇంటూ వెయ్యి, మొత్తం పది లక్షల గళ్లు అనుకోండి. వంద కోర్లకు పంచాం. ఒక్కో కోర్‌కి 100 ఇంటూ 100, పదివేల గళ్ల చెక్క వచ్చింది. సరిహద్దు మీద పక్క కోర్ల నుంచి అడిగి తెచ్చుకోవాల్సిన విలువలు 400. నూటికి నాలుగు. ఫరవాలేదు. ఇప్పుడు హుషారుగా పదివేల కోర్లు పెట్టాం. ఒక్కొక్కరికి 10 ఇంటూ 10, వంద గళ్లు. తెచ్చుకోవాల్సినవి 40. నూటికి నలభై! పొలం అన్నదమ్ములు పంచుకుంటూ పోతే చివరికి చేను కన్నా గట్లు ఎక్కువైనట్టు. కోర్లు పెంచిన కొద్దీ పని వాటా తగ్గుతుంది, పక్కవాడితో మాటల వాటా పెరుగుతుంది. లారీ బాడుగ అన్నమాట.

అయినా ఇందులో మాటలన్నీ పక్కింటివాళ్లతోనే. గళ్ల చట్రం దీనికి సరిగ్గా సరిపోతుంది. చిక్కు వేరే చోట వస్తుంది. కొన్ని వాతావరణ మోడళ్లలో లెక్క మధ్యలో ఫూరియే రూపాంతరం అని ఒకటి చేస్తారు. అక్కడ ప్రతి కోర్‌కీ పక్కవాళ్లతో కాదు, ఊరందరితో పని పడుతుంది. 32 ఇంటూ 32, అంటే 1,024 కోర్ల చట్రం ఊహించుకోండి. ఈ మూల నుంచి ఆ మూలకి 62 అడుగులు. ఏదో రెండు కోర్లు తీసుకుంటే సగటున 21 అడుగులు. పక్కింటికి ఒక్క అడుగైతే ఇది ఇరవై రెట్ల ఖర్చు. అంతకన్నా ఘోరం ఇంకోటి. చిప్‌ని మధ్యలో నిలువుగా కోస్తే అటు 512 కోర్లు, ఇటు 512 కోర్లు. వాటి మధ్య లింకులు 32 మాత్రమే. అందరూ ఒకేసారి అవతలికి వెళ్లాలి. ఇదిగో, ఇప్పుడు మీ సిల్క్ బోర్డు గుర్తు తెచ్చుకోండి. (నవ్వులు)

ట్రాఫిక్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. కూడలిలో నాలుగు వైపుల నుంచీ వచ్చిన బళ్లు ఒకదాని కోసం ఒకటి ఆగిపోయి, ఎవరూ కదల్లేని స్థితి మీరు చూసే ఉంటారు. చిప్‌లో ఇది వస్తే దిగి తిట్టుకోవడానికి కూడా ఎవరూ ఉండరు, చిప్ అలా ఉండిపోతుంది. దీనికి చాలా సులువైన విరుగుడుంది. ప్రతి ప్యాకెట్టూ, అంటే పంపే ప్రతి అంకెల మూటా, ముందు అడ్డంగా వెళ్లాలి, వెళ్లాల్సిన నిలువు వరస రాగానే తిరగాలి, తిరిగాక మళ్లీ అడ్డానికి మళ్లకూడదు. అంతే. ఈ ఒక్క కట్టుబాటుతో వలయం ఏర్పడటం అసాధ్యమవుతుంది, కాబట్టి అందరూ ఇరుక్కుపోవడం కూడా జరగదు. గణితంలో రుజువు చేసిన మాట. మొదటిసారి ఇది చదివినప్పుడు ఇంత చిన్న నియమానికి అంత పెద్ద బలమా అని ముచ్చటేసింది.

మళ్లీ దారిలోకి వస్తాను. ఒకే ప్రోగ్రాం ఒక దశలో పక్కవాళ్లతో మాట్లాడుతుంది, ఇంకో దశలో ఊరందరితో. ఒక దశలో అన్నీ గుణకారాలు, ఇంకో దశలో అన్నీ పోలికలు. ఒకే అమరిక అన్ని దశలకీ ఎలా బాగుంటుంది? పనికి తగ్గట్టు యంత్రమే ఆకారం మార్చుకుంటే?

ఇది కొత్త ఆలోచన కాదు. 1960లోనే కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్‌లో జెరాల్డ్ ఎస్ట్రిన్ ఇలాంటి యంత్రం ప్రతిపాదించాడు. కొంత భాగం మారనిది, కొంత భాగం పనిని బట్టి మార్చుకునేది. పాతికేళ్ల తర్వాత 1985లో జైలింక్స్ మొదటి ఎఫ్‌పీజీఏ అమ్మింది. అందులో 64 లాజిక్ బ్లాకులు. ఏ బ్లాక్ ఏం చేయాలో, ఏ తీగ దేనికి కలవాలో చిప్ కొన్నాక మీరే రాసుకోవచ్చు. ఇక్కడున్నవాళ్లలో ఎఫ్‌పీజీఏ మీద పని చేసినవాళ్లు ఎంతమంది? ...చాలామందే ఉన్నారు. మీ అందరికీ నా సానుభూతి. (నవ్వులు)

ఎందుకంటే ఎఫ్‌పీజీఏలో ప్రతి బిట్టూ మన చేతిలో ఉంటుంది. అదే దాని గొప్ప, అదే దాని ఖర్మ. డిజైన్ కొంచెం మారిస్తే చాలు, పెద్ద చిప్ అయితే దాన్ని చిప్ మీద అమర్చే సాఫ్ట్‌వేర్ టూల్ గంటల తరబడి నడుస్తుంది. సాయంత్రం రన్ పెట్టి ఇంటికెళ్లి, పొద్దున్నే వచ్చి టైమింగ్ (కావాల్సిన వేగం) కుదరలేదని చూసుకుని, కాఫీ తాగి మళ్లీ పెడతాం. దీన్ని మా ఊళ్లో చేసే అచ్చు అతకడంతో పోలుస్తాను. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులు, వేలకొద్దీ, ఒక్కొక్కటే పాత పోగుల కొసలకు అతకాలి. అన్నాళ్లూ మగ్గం ఆగినట్టే. అదే పడుగు మీద బుటా మార్చాలనుకోండి, జకార్డు మీద అట్టల దండ మారిస్తే చాలు. పోగులు కదలవు, ఏ పోగులు ఎప్పుడు లేవాలన్నది మాత్రం మారుతుంది.

ఆ అట్టలు మార్చే పద్ధతే మేము చేసేది. దీనికి సీజీఆర్‌ఏ అని పేరు. బిట్లుగా కాకుండా, పూర్తి 32 బిట్ల కూడికలు, గుణకారాలు చేయగల గళ్లు ముందే తయారుగా ఉంటాయి. నువ్వు గుణించు, నువ్వు కూడు, ఫలితాన్ని ఎడమపక్క వాడికివ్వు, ఇంతే చెప్పాలి. గడికి కొద్ది బిట్లు చాలు. అందుకే ఎఫ్‌పీజీఏకి మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పట్టే మార్పు ఇక్కడ కొద్ది క్లాక్ సైకిళ్లలో (చిప్ గడియారం టిక్కుల్లో) అయిపోతుంది. ప్రోగ్రాం నడుస్తుండగానే మార్చేయొచ్చు.

ఇప్పుడు మేస్త్రీ దగ్గరికి రండి. మామూలు ప్రాసెసర్ మళ్లీ మళ్లీ చేసే లెక్కని, అంటే ఒక లూప్‌ని పది లక్షల సార్లు తిప్పితే, అదే ఇన్‌స్ట్రక్షన్‌ని పది లక్షల సార్లు తెచ్చి చదువుకుంటుంది. నిన్న చెప్పిన పనే ఇవాళ చెబుతున్నా మేస్త్రీ 700 తీసుకుంటూనే ఉంటాడు. ఇక్కడ ఒక్కసారి చెప్పాక మళ్లీ చెప్పక్కర్లేదు. గడి గుణకారానికి కట్టుబడిపోయింది. అంకెలు ఒకవైపు నుంచి వస్తాయి, ఇంకోవైపు పోతాయి. ఫలితం డీరామ్‌కి వెళ్లి తిరిగి రాదు, నేరుగా పక్క గడికి వెళుతుంది. మేస్త్రీ ఖర్చు దాదాపు పోయింది, లారీ ఖర్చు చాలావరకు తగ్గింది. నా మటుకు ఈ రంగమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఎప్పుడు ఏ గడి పని చేయాలో ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పక్కర్లేదు. కావాల్సిన అంకెలు రెండూ వచ్చాయా, పని మొదలు. దీన్ని డేటాఫ్లో అంటారు. 1970లలో ఎంఐటీలో జాక్ డెన్నిస్, ఆ తర్వాత మన ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అరవింద్ దీని మీద ఏళ్ల తరబడి పని చేశారు. అరవింద్ 2024లో కన్నుమూశారు. డేటాఫ్లో యంత్రాలు ఆయన రోజుల్లో మార్కెట్లో నిలబడలేదు, కానీ ఆ ఆలోచన ఇవాళ ఏఐ చిప్‌లలో మారుపేర్లతో తిరుగుతోంది. అలాగే ఐఐటీ మద్రాస్‌లో చదివిన అనంత్ అగర్వాల్ ఎంఐటీలో రా అనే 16 గళ్ల చిప్ చేయించారు. ఏ క్షణాన ఏ తీగ మీద ఏ అంకె పోవాలో కూడా కంపైలరే నిర్ణయించేలా, తీగల్ని సాఫ్ట్‌వేర్ చేతికిచ్చేశారు. చాలా ధైర్యం చేశారనిపిస్తుంది నాకు.

ఇక్కడే, యశ్వంతపురం పక్కన ఐఐఎస్‌సీలో, ప్రొఫెసర్ ఎస్.కె. నంది బృందం రీడిఫైన్ అనే అమరికను తయారు చేసింది. సీ భాషలో రాసిన ప్రోగ్రాంని కంపైలర్ హైపర్‌ఆప్‌లు అనే ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో ఒకదానిమీద ఒకటి ఆధారపడే కొన్ని లెక్కలు కలిసి ఉంటాయి. ఆ ముక్కకి కావాల్సినవి చేరగానే కొన్ని గళ్లు కలిసి ఆ పనికి తగ్గ యంత్రంగా మారతాయి, పని అయ్యాక విడిపోతాయి. వాళ్లు గళ్లను చదరంగం బల్లలా కాకుండా తేనెపట్టులా కలిపారు. తేనెపట్టు అమరికలో ప్రతి రూటర్‌కి పక్కవాళ్లు ముగ్గురే, చదరంలో నలుగురు. పక్కవాళ్లు తగ్గితే రూటర్ చిన్నదవుతుంది, దారులు కొంచెం పొడుగవుతాయి. ఇది బేరమే. ఇందులో ఊరికే వచ్చేది ఏదీ ఉండదు.

ఇంత బాగుంటే ఇవి అందరి దగ్గరా ఎందుకు లేవు అని అడగాలి మీరు. దీనికి పుస్తకం జవాబు చెప్పను, నాకు తగిలిన దెబ్బ చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీలో, పేరు వద్దులెండి, మేము ఇలాంటి చిప్ చేశాం. చిప్‌లు తయారు చేసే ఫ్యాబ్ నుంచి చిప్ వచ్చింది. బోర్డు మీద దీపం వెలిగింది. కేక్ కోశాం, మేనేజర్ కళ్లజోడుకి క్రీమ్ అంటింది. మా టెస్ట్ ప్రోగ్రాములన్నీ పరుగులు పెట్టాయి. తర్వాతి వారం కస్టమర్ తన సొంత ప్రోగ్రాం ఇచ్చాడు. ఎక్కించి చూస్తే సగానికి పైగా గళ్లు ఖాళీగా కూర్చున్నాయి. మా చిప్ కన్నా అతని డెస్క్‌టాప్ నయం అనిపించింది. తప్పు చిప్‌లో లేదు. అతని మాత్రిక, అంటే అంకెల పట్టిక, దాని నిండా సున్నాలే, అక్కడొకటి ఇక్కడొకటి అంకెలు. ఏ అంకె తర్వాత ఏ అంకె కావాలో ఆ అంకె చదివితే గానీ తెలియదు. మా కంపైలర్ ముందే అన్నీ తెలుస్తాయనుకుని రాసింది. కండె ఏ రంగుదో నాడె విసిరాక తెలిస్తే ఎలా నేస్తారు?

ఆ కంపైలర్ నాది. (నవ్వులు)

ఆ టెన్షన్‌లో నేను చేసిన పని చెబితే నవ్వుతారు. గ్రాఫ్ కాగితం కొన్నాను. లూప్‌లోని ప్రతి లెక్కనీ పెన్సిల్‌తో ఒక్కో గడిలో రాసి, తీగలు గీసి, చెరిపి, మళ్లీ గీసి, పది రోజులు చేత్తో అమర్చాను. మా ఊళ్లో డిజైన్ గీసేవాళ్లు కొంగు బుటా ఇలాగే గ్రాఫ్ కాగితం మీద గడి గడీ నింపుతారు. చేత్తో అమర్చింది టూల్ అమర్చినదానికన్నా బాగా నడిచింది. సంతోషించాలా, ఏడవాలా? ఒక లూప్‌కి పది రోజులైతే కస్టమర్ దగ్గర అలాంటివి ఎన్ని ఉంటాయి?

ఏ లెక్కని ఏ గడిలో పెట్టాలి, తీగలు ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎలా పంపాలి, ఏ క్షణాన ఏది జరగాలి. ఈ మూడూ ముడిపడి ఉంటాయి. ఒకటి మారిస్తే మిగతా రెండూ చెడతాయి. గళ్లు పెరిగే కొద్దీ అన్ని అమరికలూ వెతికి చూడటం ఏ కంప్యూటర్ వల్లా కాదు. అందుకని ఉజ్జాయింపు పద్ధతులు వాడతాం. అవి కొన్నిసార్లు అద్భుతంగా చేస్తాయి, కొన్నిసార్లు మా చిప్‌కి చేసినట్టు చేస్తాయి.

అందుకే నా అభిప్రాయం ఇది, ఒప్పుకోనివాళ్లు ఉంటే తర్వాత పోట్లాడుకుందాం. ఎస్ట్రిన్ నుంచి ఇప్పటిదాకా అరవై ఏళ్లకు పైగా ఈ రంగంలో చిప్‌లు ఓడిపోలేదు, వాటికి ప్రోగ్రాం రాయడం ఓడిపోయింది. మేము హార్డ్‌వేర్‌వాళ్లం కోర్ల సంఖ్య చెప్పుకుని మురిసిపోతాం. 2006 చివర్లో ఎన్విడియా తన జీపీయూలకు, అంటే గ్రాఫిక్స్ చిప్‌లకు, ప్రోగ్రాం రాసుకునే క్యూడా (CUDA) పద్ధతిని ప్రకటించినప్పుడు, మా కన్నా చాకచక్యంగా ఆలోచించింది. సీ భాష వచ్చినవాడెవడైనా వారంలో ఏదో ఒకటి నడిపించగలిగాడు. కోర్ల అమరికలో మాది మెరుగే కావచ్చు. ఎవరికి కావాలి?

ఇంకొక్క అంకె చెప్పి ప్రశ్నలకు వెళదాం. అమెరికాలో ఫ్రాంటియర్ అనే సూపర్ కంప్యూటర్ 2022లో 1.1 ఎక్సాఫ్లాప్స్ (1,100 పెటాఫ్లాప్స్) వేగంతో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. కరెంటు 20 మెగావాట్ల పైనే. ఆ వేగం కొలిచింది గుణకారాలు దట్టంగా ఉండే లెక్కతో. మా కస్టమర్ మాత్రికలాగా సున్నాలు ఎక్కువుండే లెక్కతో పెట్టే పరీక్ష వేరే ఉంది, హెచ్‌పీసీజీ అని. అందులో అదే ఫ్రాంటియర్ అందుకున్నది 14 పెటాఫ్లాప్స్. నూటికి ఒకటి, ఆ పైన కాస్త. మిగతా 99 ఏం చేస్తున్నాయి? కండె కోసం చూస్తున్నాయి.

సరే, అడగండి.

(ముందు వరసలో ఒకావిడ: జీపీయూలు ఇంత బాగా పని చేస్తుంటే ఇంకా ఇదెందుకండీ?)

మంచి ప్రశ్నండీ. ఎన్విడియావాళ్లు 32 త్రెడ్ల, అంటే ఒకేసారి నడిచే పనుల, గుంపుని వార్ప్ అంటారు. వార్ప్ అంటే ఏంటో తెలుసా? పడుగు. మగ్గం నుంచే తీసుకున్నారు ఆ మాట. పడుగు పోగులన్నీ కలిసి కదిలినట్టే ఆ 32 కూడా ఒకే అడుగు వేయాలి. అందరూ ఒకే పని చేస్తున్నంతసేపూ దాన్ని కొట్టేది లేదు. ప్రోగ్రాంలో ఇఫ్ వచ్చి సగంమంది ఇటు, సగంమంది అటు వెళ్లాలంటే, ముందు వీళ్లు నడుస్తుంటే వాళ్లు ఆగాలి, తర్వాత వాళ్లు నడుస్తుంటే వీళ్లు ఆగాలి. పైగా ఇన్‌స్ట్రక్షన్ తెచ్చే ఖర్చు 32 మంది పంచుకుంటారు కానీ అది పోదు. కరెంటు తక్కువ ఉన్నచోట, రాడార్‌లో, ఉపగ్రహంలో, సెల్ టవర్‌లో, మా పద్ధతికి చోటుంది. ఆఫీసు డెస్క్ కింద పెట్టుకునేదానికైతే మీరు జీపీయూనే కొనుక్కోండి, నేనూ అదే కొన్నాను. (నవ్వులు)

(ఒక పెద్దాయన: వేల కోర్లలో ఒకటి చెడిపోతే చిప్ మొత్తం పారేయాలా, బాబూ?)

లేదండీ. ఇది మీరు అడగడం చాలా బాగుంది, ఎందుకంటే అమరిక మార్చుకోవడానికి అసలైన లాభాల్లో ఇదొకటి. సెరెబ్రాస్ అనే కంపెనీ 2019లో సిలికాన్ పళ్లేన్ని ముక్కలు కోయకుండా మొత్తం ఒకే చిప్‌గా చేసింది. 46,225 చదరపు మిల్లీమీటర్లు, అంటే పక్కకి ఒక జానెడు. నాలుగు లక్షల కోర్లు. అంత పెద్ద జాగాలో లోపాలు లేకుండా రావడం జరగని పని. అందుకని కొన్ని కోర్లు అదనంగా పెట్టి, చెడిపోయినవాటి పక్కనుంచి దారి మళ్లిస్తారు. పోగు తెగిందని చీర పారేయం కదండీ, ముడేసి నేస్తాం.

(ఒక విద్యార్థి: ఇండియాలో ఇలాంటివి తయారు చేయగలమా సర్?)

డిజైన్ ఎప్పటి నుంచో చేస్తున్నాం. తయారీ సంగతి వేరు. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లలో 2018లో ఒకటి ఇంటెల్ 22 నానోమీటర్ల ఫ్యాబ్‌లో చేయించారు, ఇంకొకటి మన మొహాలీ సెమీకండక్టర్ ల్యాబ్‌లో 180 నానోమీటర్లలో చేశారు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మన దూరం. ఇంకో మాట, శక్తిని రాసిన బ్లూస్పెక్ భాష వెనక ఉన్నది నేనిందాక చెప్పిన అరవింద్‌గారే.

(అదే విద్యార్థి: నేను దీంట్లోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?)

టూల్స్ జోలికి అప్పుడే వెళ్లకు. ఒక గ్రాఫ్ కాగితం తీసుకో. ఇందాకటి ఫూరియే రూపాంతరాన్ని వేగంగా చేసే పద్ధతి, ఎనిమిది బిందువుల ఎఫ్ఎఫ్‌టీ బొమ్మ చూడు. మూడు దశలు, దశకి నాలుగు సీతాకోకచిలుకలు (రెండేసి అంకెల్ని కలిపే చిన్న లెక్కలు), మొత్తం పన్నెండు. నాలుగు ఇంటూ నాలుగు, పదహారు గళ్లలో ఆ పన్నెండింటినీ పెట్టు. తీగలు గళ్ల వెంబడే పోవాలి, ఐమూలగా పోకూడదు. మొత్తం తీగల పొడవు ఎంతొచ్చిందో లెక్కపెట్టు. తర్వాత రెండు గళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ లెక్కపెట్టు. ఒక సాయంత్రం కూర్చుంటే నాకు ఉద్యోగంలో రెండేళ్లకు అర్థమైంది నీకు అర్థమవుతుంది. చేసి పట్టుకురా, చూస్తాను.

ఇంకెవరైనా... ఏంటి? గేటు దగ్గరా? రెండు కార్లు ఎదురెదురుగా ఆగిపోయాయట, వెనకాల మూడోది కూడా వచ్చిందట. తెల్ల రంగు కారు ఎవరిదండీ? వెళ్లి ముందు అడ్డంగా తీసి, ఆ తర్వాత నిలువుగా తిప్పండి. (నవ్వులు) టీ తాగి వచ్చి మిగతావి మాట్లాడుకుందాం.